రుమాల్లో మోసుకెళ్ళిన ఊపిరి

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను వాన పడుతోందని చెబితే మార్కాపురంలో నన్నెరిగిన వాళ్ళు బయటికొచ్చి చెయ్యి చాపి చూసుకుని గానీ గొడుగు తియ్యరు. మా వంటింట్లోకి పిల్లి దూరితే నల్లమల నుంచి చిరుత దిగిందని వీధంతా తలుపులు వేయించిన ఘనత నాది. కాబట్టి ఇందులో ఎక్కడైనా అతి అనిపిస్తే కొంత కోసేసి చదువుకోండి. పూర్తిగా కల్పించింది ఏదో చివర నేనే చెప్పేస్తాను.

దయ్యాలను నేను నమ్మేవాణ్ణి కాదు. పైగా వాటి మీద బతికాను. నాది మైకు సెట్ల దుకాణం. పెళ్ళిళ్ళలో, చర్చి పండగల్లో మైకు పట్టుకుని మిమిక్రీ చేస్తాను. దయ్యం గొంతుకు నాకు ప్రత్యేకంగా చప్పట్లు పడేవి. దయ్యాలే ఉండి ఉంటే, తమను కాపీ కొట్టినందుకు ఏదో ఒకటి ఎప్పుడో వచ్చి నా చెవి మెలిపెట్టేది. రాలేదు కాబట్టి లేవనుకున్నాను.

ఆ గొంతే నాకు ఆస్పత్రిలో పని తెచ్చిపెట్టింది. మా ఊరి బయట, గిద్దలూరు దారిలో ఒక నర్సింగ్ కాలేజీ, దాన్ని ఆనుకుని ఒక ఆస్పత్రి ఉన్నాయి. మేడ మీద ఒక హాల్లో మంచం వేసి రబ్బరు మనిషిని పడుకోబెట్టారు. నర్సమ్మాయిలు అతనికి ఓబులేసు అని పేరు పెట్టుకున్నారు. ఓబులేసు కళ్ళు ఆర్పుతాడు. నాడి కొట్టుకుంటుంది. ఛాతీ లేచి పడుతుంది. మా వీధిలో సగం మంది కంటే ఆరోగ్యవంతుడు, ఎందుకంటే మనం బటన్ నొక్కితే తప్ప జబ్బు రాదు. ఊపిరాడని మనిషి గొంతులోకి ట్యూబు ఎలా వెయ్యాలి, వెంటిలేటర్ ఎలా నడపాలి అన్నది బతికున్న వాళ్ళ మీద నేర్చుకోకూడదు కదా, అందుకని ఓబులేసు మీద నేర్చుకుంటారు. అసలు వెంటిలేటర్, ఉత్తుత్తి మనిషి.

ట్యూబు వేసేదాకా రోగి మాట్లాడాలి. ఓబులేసు నోట్లో స్పీకరుంది. మొదట్లో ఎవరో పట్నం అబ్బాయి "నాకు శ్వాస తీసుకోవడంలో ఇబ్బందిగా ఉన్నది" అని వార్తలు చదివినట్టు చెప్పేవాడట. పిల్లలు పకపకా నవ్వేవాళ్ళట. నేర్పే డాక్టర్ మేడమ్ బయటి ఊరి మనిషైనా తెలివైంది. ఈ ప్రాంతం మనిషి ఆయాసపడితే ఎలా మాట్లాడతాడో అలాగే వినిపించాలని నన్ను పిలిపించింది. నేను మైకు ముందు కూర్చుని, "అమ్మా, రొమ్ము మింద రోలు పెట్టినట్టుండాదమ్మా, గాలి చాల్లేదు" అన్నాను. ఒక అమ్మాయి నిజంగా ఏడ్చింది. ఆ రోజు నుంచి ఓబులేసుకు నేనే గొంతు.

నేను కూర్చునే గది హాలు పక్కనే. మధ్యలో నల్లటి అద్దం. నాకు హాలంతా కనిపిస్తుంది, అటువైపు వాళ్ళకు వాళ్ళ మొహాలే కనిపిస్తాయి. నా ముందు ఒక మైకు, ఓబులేసును నడిపే కంప్యూటరు. వెంటిలేటర్ తెర మీద గీతలు ఎలా చదవాలో మేడమే నేర్పింది. మిషను ఊపిరి ఊదినప్పుడల్లా తెర మీద ఒక కొండ లేస్తుంది. రోగి తనంతట తాను గాలి లాగితే ఆ కొండకు ముందు చిన్న గుంట పడుతుంది. "గుంట పడితే అక్కడ మనిషి ఉన్నట్టు ప్రసాద్ గారూ. గుంట లేకపోతే మిషను ఒక్కటే ఉన్నట్టు" అంది. పాఠంలో భాగంగానే అంది. నేను మాత్రం ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

ఇక మా బావ యేసోబు సంగతి చెప్పాలి. మా అక్క కరుణమ్మ భర్త. అర్ధవీడు పక్క పల్లెలో పుట్టి, చిన్నప్పుడే మార్కాపురం వచ్చి రాతి పలకలు కోసే షెడ్డులో చేరాడు. బ్లేడు రాయిని తాకగానే షెడ్డంతా బూడిద రంగు దుమ్ము లేస్తుంది. దానికి షెడ్డు వాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం ఒకటుంది. బ్లేడు కోస్తున్నంతసేపూ ఊపిరి బిగబడతారు. బ్లేడు లేవగానే పలక మీది దుమ్మును ఫు, ఫు అని రెండు పొట్టి ఊదులు ఊదుతారు. మొహం పక్కకు తిప్పి, అప్పుడు పొడుగ్గా ఒక్క గాలి లాగుతారు. బావ పని మానేసినా ఆ ఊపిరి మానలేదు. అన్నం తింటూ బిగబట్టేవాడు. చర్చిలో పాట మధ్యలో బిగబట్టి, ఫు ఫు అని, మళ్ళీ అందుకునేవాడు. పాస్టరు గారు కూడా అలవాటు పడి ఆయన కోసం ఒక చరణం ఆగేవాడు. చిన్నప్పుడు నేను మొట్టమొదట చేసిన మిమిక్రీ ఆ ఊపిరిదే.

ఎంత బిగబట్టినా దుమ్ము పోవాల్సిన చోటికి పోయింది. మొన్న ఎండాకాలం జ్వరంతో పడిపోతే అదే ఆస్పత్రిలో ఐసీయూలో చేర్చి ట్యూబు వేశారు. జ్వరం తగ్గింది. మత్తు మందు ఆపేశారు. గుండె బాగానే ఉందన్నారు. కానీ సొంతంగా ఊపిరి తియ్యడు. మిషను కొంచెం తగ్గించి చూస్తే అలాగే ఉండిపోతాడు. ఊపిరి మొదలుపెట్టడం మర్చిపోయినట్టుంది అన్నాడు ఐసీయూ డాక్టరు. ఇవాళ సాయంత్రంలోగా తియ్యకపోతే రేపు పొద్దున గొంతు దగ్గర రంధ్రం చేసి గుంటూరు పంపిస్తామన్నాడు.

అక్క ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "గుంటూరు బోయినోళ్ళు మన వీధిలోకి ఎట్ల తిరిగొచ్చినారో నువ్వు జూసినావు గదరా. పోనీయబాక. ఈడ్నే ఒక్క గాలి తీసుకోమని చెప్పు మీ బావకు. నీ మాటంటే నవ్వుతాడు" అంది. మా వీధిలోంచి గుంటూరు వెళ్ళిన వాళ్ళంతా పడుకునే తిరిగొచ్చారు. ఆ రోజుకి మాకు కావలసింది ఒక్క గుంట, తెర మీద.

ఆ మధ్యాహ్నం హాల్లో పాఠం ఏమిటో విధి చూసి పెట్టినట్టుంది: సొంత ఊపిరి లేని రోగి. మేడమ్ ఓబులేసుకు ట్యూబు పెట్టి, గళ్ళ లుంగీ కట్టించి, దుప్పటి కప్పి, వెంటిలేటర్ తగిలించింది. నా కంప్యూటర్లో ఓబులేసు సొంత ప్రయత్నం సున్నా. మిషన్ను అలాగే నడవనిచ్చి అందరూ అన్నాలకు పోయారు. నాకు ఆకలి లేదు. నాకు ఆకలి లేదంటే మా ఇంట్లో డాక్టర్ని పిలుస్తారు, అంత మనిషిని. అద్దం వెనక పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఓబులేసు కొండల్ని చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు తలుపు తెరుచుకుని ఆడవాళ్ళ దండు లోపలికొచ్చింది.

బావ సొంతూరి చర్చి ఆడవాళ్ళు. ముందు సుగుణమ్మత్త, అంటే బావ పిన్నమ్మ. తల్లి పోయాక బావను పెంచింది ఆమే. బస్సు దిగి, కింద ఎవరినో "వెంటిలేటర్ ఏడుందమ్మా" అని అడిగి ఉంటారు. ఆ బిల్డింగులో వెంటిలేటర్ ఉన్న తలుపులు రెండు. ఎడమకు తిరగాల్సిన వాళ్ళు కుడికి తిరిగారు.

ఆ ఊరి వాళ్ళకు ఒక పద్ధతుంది. రోగి దగ్గరికి పోతే ముందు ప్రార్థన, తర్వాతే పలకరింపు. గుమ్మం దగ్గరే ముసుగులు వేసుకుని కళ్ళు మూసేస్తారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని వస్తారు. ముందున్న పెద్దావిడ మాత్రం మంచం తగలకుండా అర కన్ను తెరుస్తుంది. రోగి మొహం చూస్తే మనకు భయం వస్తుంది, భయంతో చేసిన ప్రార్థన సగం ప్రార్థన అంటారు. అందుకని ఆమెన్ దాకా ఎవరూ మొహం చూడరు. సుగుణమ్మత్త అర కంటికి మంచం, దుప్పటి, ట్యూబు, లేచి పడే ఛాతీ కనిపించాయి. ఇంకేం కావాలి?

ఆమె రొంటిన దోపుకున్న తెల్ల రుమాలు తీసి ఓబులేసు ఛాతీ మీద పరిచింది. ఆదివారం సంఘమంతా చేతులు మార్చుకుంటూ ప్రార్థించిన రుమాలు. దాని మీద చెయ్యి పెట్టింది. ఆడవాళ్ళంతా ఒక్కసారి గొంతెత్తారు.

నాకు నవ్వొచ్చింది. లేచి చెబుదామనుకున్నాను కానీ, ప్రార్థనలో అడ్డు మాట్లాడితే వీపు విమానం మోత మోగించిన తల్లి కడుపున పుట్టాను. కాళ్ళు లేవలేదు. సరే, ఆమెన్ కానీ, తర్వాత అసలు మంచం దగ్గరికి తీసుకెళదాం అనుకున్నాను. దీన్ని పెళ్ళిళ్ళలో ఎలా చెప్పాలో కూడా మనసులో కట్టేసుకుంటున్నాను.

"మా యేసోబు ఊపిరి యేసోబుకియ్యి తండ్రీ" అని అత్త గొంతు అందర్నీ దాటింది.

తెర మీద గుంట పడింది.

నా చేతులు చూసుకున్నాను. రెండూ డబ్బా మూత మీద ఉన్నాయి. కంప్యూటరు చూశాను. సున్నా. అత్త చెయ్యి నొక్కిందేమో, రబ్బరు కదా, కదిలి ఉంటుంది అనుకున్నాను. అంతలో అత్త ఆ చెయ్యి తీసి, రెండు చేతులూ పైకెత్తింది. ఓబులేసును తాకుతున్న వాళ్ళెవరూ లేరు. ఇంకో గుంట పడింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత రెండు పొట్టి గుంటలు, ఆ వెంటనే తెర అడుగంటేలా ఒక లోతైన గుంట, దాని వెనక కొండ. మళ్ళీ ఏమీ లేదు. మళ్ళీ రెండు పొట్టివి, ఒక పొడుగుది.

హాల్లో చప్పుడు నా గదిలోకి వినిపించేందుకు పైన ఒక స్పీకరుంది. ప్రార్థనల కింది నుంచి అందులో వినిపించింది: ఫు, ఫు. తర్వాత పొడుగ్గా గాలి.

మధ్యాహ్నం. బయట మార్కాపురం ఎండ, తారు రోడ్డు మీద దోసె పొయ్యొచ్చు. నా వీపు మీద మాత్రం ఎవరో తడిగుడ్డ వేసినట్టయింది. ఆ ఊపిరి నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి కాపీ కొట్టిన ఊపిరి అది.

ఆమెన్ అన్నారు. కళ్ళు తెరిచారు. నేను తలుపు తోసుకుని హాల్లోకి వచ్చేసరికి సుగుణమ్మత్త వంగి ఓబులేసు మొహంలోకి చూస్తోంది.

"ఏందిరా ప్రసాదూ ఇది?"

"అత్తా, ఇది బావ కాదు. బొమ్మ. నర్సమ్మలు నేర్చుకునే బొమ్మ. మీరు తలుపు తప్పినారు."

"బొమ్మా?" అని వేలితో చెంప నొక్కింది. "బొమ్మైతే మా యేసోబు ఊపిరి ఎట్ల తీస్తుండాది?"

ఆ ఊపిరి సంగతి నేను ఆమెకు చెప్పలేదు. తెర చదవడం ఆమెకు రాదు. చెవితో విని చెప్పింది. వెనక నుంచి ఇంకొకామె, "పలక మింద దుమ్మూదినట్టే ఉండాది గదక్కా" అని రెండడుగులు వెనక్కి వేసింది.

"మిషను పిచ్చి పట్టిందత్తా. ఆపేస్తా ఉండు" అని స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చాను. అత్త నా మణికట్టు పట్టుకుంది. గొర్రెల్ని కాళ్ళు పట్టి ఎత్తే చెయ్యి అది, కదల్లేదు.

"చెయ్యి దియ్యి. ఆ ఊపిరి ఏడనుంచి వచ్చినాదో నీకు తెలుసునా? ఆపితే ఏడికి బోతాదో తెలుసునా?"

తెలియదు. స్విచ్చి వదిలి వరండాలో పరుగెత్తాను.

ఐసీయూలో బావ మంచం దగ్గర మస్తాన్‌బీ ఉంది. ఓబులేసు మీద నేర్చుకున్న మొదటి బ్యాచి పిల్ల. "గుంట పడిందా?" అన్నాను.

"లేదన్నా. పొద్దున్నుంచి ఒక్కటి గూడ లేదు. నువ్వెందుకట్ల చెమటలు గారుస్తుండావు?"

బావ తెర మీద నున్నటి కొండలు, ఒకదాని వెనక ఒకటి. మిషను ఒక్కటే ఉన్నట్టు. ఆయన మొహం మైనంలా ఉంది. ఓబులేసు మొహం కంటే రబ్బరుగా ఉంది. ఈ మాట రాయకూడదు గానీ, అక్కడ మంచం మీద ఉన్నది బొమ్మ, అసలు మనిషి వరండా అవతల ఉన్నాడు అనిపించింది నాకు.

బయటికొస్తే అక్క లేచింది. "ఏందిరా మొగం అట్ల ఉండాది?"

"ఎండక్కా" అన్నాను.

హాల్లోకి తిరిగి వెళ్ళేసరికి మేడమ్ చేతిలో కడిగిన క్యారియరుతో నిలబడి ఉంది. "ప్రసాద్ గారూ, ఎవరు వీళ్ళంతా? మీ కొత్త కామెడీనా? ఓబులేసుకు ఊపిరి ఎందుకు పెట్టారు?"

"నేను పెట్టలేదు మేడమ్."

"మీరు కాకపోతే ఇంకెవరు?" అని నవ్వుతూనే నా గదిలోకి వెళ్ళి కంప్యూటరు చూసింది. బయటికొచ్చేసరికి నవ్వు లేదు. ఓబులేసుకూ కంప్యూటరుకూ మధ్య ఉన్న వైరు లాగి పడేసింది. అయినా తెర మీద రెండు పొట్టి గుంటలు, ఒక పొడుగుది. వెంటిలేటర్ ఆపబోయింది. నేను అడ్డం నిలబడ్డాను.

"ఆపొద్దు మేడమ్."

"ఎందుకు?"

"మా బావ అందులో ఉన్నాడేమోనని."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినిపించింది. ఎవరూ నవ్వలేదు. నేనొక మాట అంటే నలుగురిలో ఒక్కరూ నవ్వకపోవడం అదే మొదలు. అంత భయం నాకు గుంటలు చూసినప్పుడు కూడా వెయ్యలేదు.

మేడమ్ వెంటిలేటర్ గొట్టం కొక్కెం నుంచి తీసి, వంపి దులిపింది. నేల మీద దోసెడు నీళ్ళు పడ్డాయి. "ఇదీ సంగతి. గొట్టంలో నీళ్ళు చేరి ఊగుతుంటే మిషను దాన్నే రోగి ఊపిరి అనుకుంటుంది. నేను పిల్లలకు చెబుతూనే ఉంటాను" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఊరటతో.

సుగుణమ్మత్త ఆ నీళ్ళ వైపు చూడను కూడా లేదు. "నీళ్ళో నిప్పులో మాకెందుకమ్మా. ఈ గుడ్డ మా వోడికి జేరాల" అంది. ఓబులేసు ఛాతీ మీది రుమాలు నాలుగు కొసలూ మధ్యకు మడిచింది, పిట్టపిల్లను పట్టుకున్నట్టు. ఆమె ఎత్తిన మరుక్షణం తెర మీద గుంటలు ఆగిపోయాయి. నున్నటి కొండలు. "చూశారా, నీళ్ళు పోయాయి, ఆగింది" అంది మేడమ్.

అత్త రుమాలు నా రెండు చేతుల్లో పెట్టింది. "మమ్మల్ని లోపలికి రానీయరు. నువ్వు దీస్కపో. దోవలో నోరు తెరవబాక. ఎవురు బిల్చినా పలకబాక."

ఆ వరండా ఎంత పొడుగంటే... మామూలుగా నేను దొనకొండ నుంచి మార్కాపురం అంత అని చెబుతాను. ఆ రోజు నిజంగా అంతే ఉంది. నా చేతుల్లో రుమాలు కోడిపిల్లలా వెచ్చగా ఉంది. లోపల ఏదో ఉబ్బి తగ్గుతున్నట్టు అనిపించింది. అటు ఓబులేసులో గుంటల్లేవు. ఇటు బావలో గుంటల్లేవు. మరి ఆ ఊపిరి ఈ క్షణాన ఎక్కడుంది? జారవిడిస్తే? గాలికి కొస ఎగిరితే? పరుగెత్తడానికి భయం, నెమ్మదిగా నడవడానికీ భయం.

సగం దూరంలో త్రిపురాంతకం మనిషి ఒకడు ఎదురొచ్చాడు. చక్రాల కుర్చీలో వాళ్ళమ్మను తోసుకుంటూ వస్తున్నాడు. "మైకు ప్రసాదన్నా!" అని కుర్చీ అడ్డం పెట్టేశాడు. "అమ్మా, నా పెళ్ళిలో దయ్యం లాగ అరిసినాడే, ఆయనే ఈయన. అన్నా, ఒక్క జోకెయ్యన్నా. మాయమ్మ నవ్వి ఎన్నాళ్ళయిందో."

ఆ ముసలావిడ బోసి నోటితో ఆశగా నా మొహంలోకి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. "అబ్బో, పెద్దోడైపోయినాడు, ఊరికే నవ్వించడంట" అన్నాడు వాడు. నేను గోడకు నక్కి కుర్చీ పక్క నుంచి జరిగాను. అప్పుడు గమనించాను. హాలు దాటినప్పటి నుంచి నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను.

బిగబట్టమని నాకెవరూ చెప్పలేదు. వదులుదామన్నా వదలడం లేదు. చెవుల్లో రంపం మోగుతోంది. కళ్ళ ముందు బూడిద రంగు దుమ్ము లేస్తోంది. ఐసీయూ తలుపు కనిపిస్తూనే ఉంది, దగ్గరికి రావడం లేదు. గోడకు ఆనుకుని కిందికి జారిపోయాను. రుమాలు మొహానికి దగ్గరగా వచ్చింది. ఇంక ఆగలేక నోరు తెరిచాను. ఫు, ఫు అని రెండు ఊదులు వాటంతటవే పోయాయి. మొహం పక్కకు తిరిగింది. పొడుగ్గా గాలి లాగాను. కొబ్బరినూనె, బట్టల సబ్బు వాసన రావాల్సిన ఆ గుడ్డలోంచి తడి రాయి వాసన వచ్చింది. షెడ్డులో కోసిన పలక మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన.

అక్క కేక వినిపించింది. ఎలాగో లేచాను.

మస్తాన్‌బీ తలుపు దగ్గరే ఆపింది. "బయటి గుడ్డలు లోపలికి తేగూడదన్నా" అని, నా మొహం చూసి రుమాలు అందుకుంది. బావ ఛాతీ మీద దుప్పటి పైన పరిచింది. అక్క గుమ్మంలో, నేను మంచం కాళ్ళ దగ్గర.

కొండ. కొండ. కొండ.

గుంట.

మస్తాన్‌బీ "యా అల్లా" అని డాక్టరు కోసం పరుగెత్తింది. అక్క నేల మీద కూలబడి ప్రార్థన మొదలుపెట్టింది. గుంటలు పడుతూనే ఉన్నాయి. సాయంత్రానికి మిషన్ను తగ్గించారు. బావ తీసుకున్నాడు. గుంటూరు మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాత ట్యూబు తీశారు. ఆ తర్వాత ఇంటికి పంపారు. సుగుణమ్మత్త చర్చిలో సాక్ష్యం చెబితే జనం ఏడ్చారు. నేను కూడా మైకు పట్టుకుని ఏదో చెప్పాను. నవ్వించాను కూడా.

కథ ఇక్కడ ఆగి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. పెళ్ళిళ్ళలో చెప్పుకుని బతికేవాణ్ణి.

బావ ఇంటికొచ్చాక ఒక రోజు అక్క నన్ను పంపు దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించి, "ఒరే, ఆయన ఊపిరి ఆయనది గాదురా" అంది.

"ఏందక్కా ఆ మాట?"

"బిగబట్టడం లేదు. దుమ్మూదడం లేదు. నున్నగా తీస్తాడు, చివరాకర్న ముక్కులో సన్నగా ఈలేస్తాడు." నా కళ్ళలోకి చూడకుండా బిందె సర్దుకుంది. "చిన్నప్పుడు ఒకే చాప మింద పండుకున్నాం. ఆ ఈలకు నిన్ను కాలితో తన్నేదాన్ని. నాకు తెలీదా?"

నవ్వేశాను. లోపలికి పోయి చూశాను. బావ మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. మంచం పక్కన కూర్చుని విన్నాను. మిమిక్రీ వాడికి తన గొంతు రికార్డులో వింటే ఎలా ఉంటుందో తెలుసు. పరాయిదిలా ఉంటుంది, కానీ తనదేనని తెలిసిపోతుంది. అది నా ఊపిరి. ఆ ఈల నాది.

ఇంటికొచ్చి మా ఆవిడను అడగడానికి ధైర్యం చాలలేదు. ఆవిడే చెప్పింది. "ఏందయ్యా నువ్వు, కునుకు దీస్తూ గూడ మీ బావనే జేస్తుండావు? ఊపిరి బిగబట్టి సంపుతుండావు నన్ను, పోయినావేమోనని."

ఛాతీ ఫోటో తీయించుకున్నాను. బాగానే ఉందన్నారు. చిన్నప్పటి నుంచీ ఆయన ఊపిరి అనుకరించారు కదా, అలవాటు పడి ఉంటుందన్నాడు డాక్టరు. న్యాయమైన మాటే. కానీ నిద్రలో ఎవరు మిమిక్రీ చేస్తారు? ఎవరి ముందు? మొన్న బజార్లో పలకల కట్టలు లారీకెక్కిస్తున్నారు. నాకు తెలియకుండానే మొహం పక్కకు తిరిగిపోయింది.

ఓబులేసుకు గొంతు ఇవ్వడం మానేశాను. బావ పొద్దున్నే చెరువు కట్ట దాకా నడిచొస్తున్నాడు. పాట మధ్యలో ఆగడం లేదు, పాస్టరు గారికే ఆగే అలవాటు పోలేదు. బావ ఊపిరితిత్తుల్లో ఇంకెన్నాళ్ళ ఊపిరి మిగిలి ఉందో అప్పట్లో డాక్టర్లు అక్కకు చెప్పారు. అక్క నాకు చెప్పింది. ఎక్కువ రోజులు చెప్పలేదు వాళ్ళు. ఆ మిగిలింది ఇప్పుడు ఎవరి దగ్గరుందో మాత్రం అడగడానికి నాకు డాక్టరు దొరకలేదు.

సరే, మాట ప్రకారం ఒప్పుకోవాలి. ఆడవాళ్ళ దండు అన్నాను గానీ ఒక ఆటోలో పట్టే జనమే. అత్త చెయ్యి అంత బలంగా లేదు, నా చెయ్యే మెత్తబడింది. వరండా పొడుగు మీరు ముందే తగ్గించుకుని ఉంటారు. ఇవన్నీ ఎక్కువ చేసి చెప్పినవి, లేనివి కావు.

పూర్తిగా లేనిది ఒక్కటే కల్పించాను: నీళ్ళు. బొమ్మ ఊపిరి ఎట్లా తీసిందని అక్క అడిగినప్పుడు మొదట అక్క కోసం పుట్టించాను. ఇప్పటికీ నేను గుమ్మంలో కాలు పెట్టగానే "నీళ్ళే గదరా?" అంటుంది. "నీళ్ళే అక్కా" అంటాను. చెప్పీ చెప్పీ ఇక్కడా రాసేశాను.

మేడమ్ గొట్టం వంపి దులిపిన మాట నిజం. ఏమీ రాలేదు. లోపల వేలు పెట్టి చూసింది. తర్వాత నన్నూ పెట్టి చూడమంది. పొడిగా ఉంది. వేలికి సన్నటి బూడిద రంగు దుమ్ము అంటింది.